ధూళి చాటున పుట్టిన నక్షత్రాలు



మన ఖరగ్‌పూర్ స్టేషన్‌లో ఒక పొడవాటి ప్లాట్‌ఫారం ఉంది. దాని పొడవు 1,072.5 మీటర్లు. చాలా ఏళ్లపాటు ప్రపంచంలో అన్నిటికన్నా పొడవైన ప్లాట్‌ఫారం ఇదే. 2013లో గోరఖ్‌పూర్, 2023లో హుబ్బళ్లి దీన్ని దాటిపోయాయి. అయినా వేసవి సెలవుల్లో ఫలక్‌నుమా ఎక్కడానికి పెట్టెలు మోసుకుంటూ ఈ చివర నుంచి ఆ చివరకు నడిచినవాళ్లకు ఆ పొడవు ఎంతో కాళ్లే చెబుతాయి. ఈ పాఠంలో ఆ ప్లాట్‌ఫారమే మన స్కేలు.

విశ్వం వయసు సుమారు 1,380 కోట్ల సంవత్సరాలు. ఆ కాలాన్నంతా ప్లాట్‌ఫారం మీద చాపలా పరిచామనుకుందాం. ఒక చివర మహావిస్ఫోటం, అంటే విశ్వం మొదలైన క్షణం. రెండో చివర ఈ రోజు. అప్పుడు ఒక్క మీటరు నడిస్తే దాదాపు 1 కోటి 29 లక్షల సంవత్సరాలు గడిచినట్టు. మన సూర్యుడు, భూమి పుట్టింది సుమారు 460 కోట్ల ఏళ్ల కిందట. ఆ గుర్తు ఈ రోజు చివర నుంచి 357 మీటర్ల వెనక పడుతుంది. డైనోసార్లు అంతరించిన చోటు చివరికి అయిదు మీటర్ల దూరంలోనే ఉంటుంది. అయిదు వేల ఏళ్ల మనుషుల చరిత్ర అంతా కలిపినా అర మిల్లీమీటరుకు మించదు.

ఇప్పుడు మొదటి చివరకు వెళ్దాం. అక్కడి నుంచి 60 మీటర్లు నడవండి. మూడు బోగీల పొడవు కూడా కాదు. విశ్వానికి అప్పుడు 78 కోట్ల ఏళ్లు. అక్కడ రెండు గెలాక్సీలు ఒకదానితో ఒకటి కలిసిపోతూ ఉన్నాయి. ఈ జంటకు శాస్త్రవేత్తలు పెట్టిన పేరు ఎస్‌పీటీ 0311-58. వాటిలో పెద్ద గెలాక్సీలో ఏడాదికి సుమారు 2,900 సూర్యులకు సరిపడా పదార్థం నక్షత్రాలుగా మారుతోంది. అంటే రోజుకు దాదాపు ఎనిమిది సూర్యులు! మన పాలపుంతలో ఏడాది మొత్తానికి పుట్టేది ఒకటి రెండు సూర్యులంత పదార్థమే.

అంత వెలుగు ఉన్న చోటు మామూలు కాంతిలో చూస్తే వెలిగిపోతూ కనబడాలి కదా? కనబడదు. ఎందుకో తెలుసుకోవడమే ఈ పాఠం.

ఏ ధూళి?

మనం నల్లబల్ల తుడిస్తే రాలే సుద్దపొడి కాదు ఇది. అంతకన్నా ఎంతో సన్నం. కిరోసిన్ దీపం గాజుకు పట్టే మసిని గుర్తు తెచ్చుకోండి. అంతరిక్షంలో ధూళి రేణువులు అలాంటివే. కొన్ని మసిలాంటి కార్బన్ రేణువులు, కొన్ని ఇసుకలాంటి సిలికేట్ రేణువులు. చాలావరకు ఒక మైక్రోమీటరు కన్నా చిన్నవి. మిల్లీమీటరులో వెయ్యో వంతును మైక్రోమీటరు అంటారు.

నక్షత్రాలు వాయువు, ధూళి కలిసిన మబ్బుల్లో పుడతాయి. అందుకే ఎక్కడ ఎక్కువ నక్షత్రాలు పుడుతుంటే అక్కడే ధూళి కూడా దట్టంగా ఉంటుంది. ఇల్లు కడుతున్న చోట దుమ్ము లేచినట్టే ఇది కూడా.

ఇక్కడ యార్డు దీపాల మధ్య పాలపుంత కనబడదు. ఊరికి వెళ్లినప్పుడు, కరెంటు పోయిన రాత్రి, మేడ మీద పడుకుని చూడండి. తెల్లటి చారలో నల్లటి చీలికలు కనిపిస్తాయి. 18వ శతాబ్దంలో విలియం హెర్షెల్ అనే ఖగోళ శాస్త్రవేత్త ఇలాంటి నల్లటి చోట్లను నక్షత్రాలు లేని ఖాళీలని భావించాడు. అవి ఖాళీలు కావు. వెనక నక్షత్రాలు ఉన్నాయి, ముందు ధూళి అడ్డంగా ఉంది. నక్షత్రాల మధ్య ధూళి వెలుగును తగ్గిస్తుందని 1930లో రాబర్ట్ ట్రంప్లర్ కొలిచి చూపించాడు. అంతవరకు వేసుకున్న దూరాల లెక్కల్లో ఎన్నో తప్పులని అప్పుడు తేలింది.

చెంపకు తెలిసే వెలుగు

ధూళి వెలుగును మింగేస్తే ఆ శక్తి ఎక్కడికి పోతుంది? ఎక్కడికీ పోదు.

మన రైల్వే వర్క్‌షాపులో పనిచేసే నాన్నలను, తాతయ్యలను అడగండి. కొలిమిలోంచి తీసిన ఇనుము మొదట పసుపుగా, తర్వాత ఎర్రగా వెలుగుతుంది. కాసేపటికి ఎరుపూ పోయి నల్లబడుతుంది. చల్లారిందనుకుని ముట్టుకుంటే చెయ్యి కాలుతుంది. అనుభవం ఉన్నవాళ్లు ముట్టుకోరు, అరచేతిని కాస్త దూరంగా పెట్టి చూస్తారు. కంటికి కనబడని వెలుగు అరచేతికి, చెంపకు తెలుస్తుంది. దాన్నే పరారుణ కాంతి అంటారు. 1800లో దాన్ని కనుక్కున్నది ఎవరనుకున్నారు? ఆకాశంలో ఖాళీలు చూసిన విలియం హెర్షెలే! గాజు పట్టకంతో సూర్యకాంతిని రంగులుగా విడదీసి, ఎరుపు రంగుకు అవతల ఏ రంగూ లేని చోట థర్మామీటరు పెట్టాడు. పాదరసం పైకి పోయింది. ఒక చోట ఏమీ లేదనుకున్న మనిషే, ఏమీ కనబడని ఇంకో చోట ఏదో ఉందని ప్రపంచానికి చూపించాడు.

ధూళి కూడా ఆ ఇనుములాగే చేస్తుంది. కొత్తగా పుట్టిన నక్షత్రాల నీలి కాంతిని, అతినీలలోహిత కాంతిని మింగి, కాస్త వేడెక్కి, ఆ శక్తిని పరారుణ కాంతిగా వదిలిపెడుతుంది. వేడెక్కడం అంటే మన లెక్కలో వేడి కాదు. సున్నాకు దిగువన 240 నుంచి 220 డిగ్రీల సెల్సియస్ వరకు మాత్రమే! అంత చల్లటి వస్తువు వదిలే తరంగం పొడవు 100 మైక్రోమీటర్ల ప్రాంతంలో ఉంటుంది. మన కన్ను చూడగలిగేది 0.4 నుంచి 0.7 మైక్రోమీటర్ల వరకే.

ఆ తరంగం మన దగ్గరకు వచ్చేలోగా దారిలో విశ్వం వ్యాకోచిస్తూ ఉంటుంది. దానితో పాటు తరంగమూ సాగుతుంది. దీన్ని ఎరుపు జరుగుడు అంటారు. ఎస్‌పీటీ 0311-58 నుంచి వచ్చిన తరంగాలు దాదాపు ఎనిమిది రెట్లు సాగాయి. 100 మైక్రోమీటర్లతో బయలుదేరినది 800 మైక్రోమీటర్లయి వచ్చింది. అంటే మిల్లీమీటరుకు కాస్త తక్కువ. అందుకే వీటిని సబ్‌మిల్లీమీటర్ తరంగాలు అంటారు.

మంచులో టపాకాయ

పొడవైన తరంగమే ఎందుకు ధూళిని దాటి వస్తుంది? దీనికీ రైల్వేలోనే ఉదాహరణ ఉంది.

డిసెంబరు, జనవరి నెలల్లో తెల్లవారుజామున దట్టంగా పొగమంచు కమ్మితే లోకో పైలట్‌కు సిగ్నల్ దీపం దూరం నుంచి కనబడదు. ఎర్ర దీపమైనా అంతే. మంచు బిందువులు వెలుగు తరంగాల కన్నా ఎంతో పెద్దవి. అందుకని ఏ రంగు వెలుగునైనా అవి చెదరగొట్టేస్తాయి. అప్పుడు ఏం చేస్తారు? సిగ్నల్‌కు ముందే పట్టాల మీద డిటొనేటర్ అనే చిన్న టపాకాయ కడతారు. ఇంజను చక్రం దాని మీదికి రాగానే ఢామ్మని పేలుతుంది. సిగ్నల్ దగ్గర పడిందని లోకో పైలట్‌కు తెలుస్తుంది. దీపాన్ని ఇంకా పెద్దది చేయలేదు, సంకేతాన్నే మార్చారు.

ఖగోళ శాస్త్రవేత్తలూ అదే చేశారు. తరంగం రేణువు కన్నా చిన్నదైతే రేణువు దాన్ని ఆపేస్తుంది. రేణువు కన్నా ఎన్నో రెట్లు పెద్దదైతే పట్టించుకోకుండా దాటిపోతుంది. ఒక మైక్రోమీటరు కూడా లేని ధూళి, 800 మైక్రోమీటర్ల తరంగాన్ని ఏం ఆపగలదు?

పధ్నాలుగేళ్లు దొరకని చిరునామా

1995 డిసెంబరులో హబుల్ టెలిస్కోపు ఆకాశంలో ఒక చిన్న ముక్కను పది రోజుల పాటు చూసింది. ఆ ఫొటోలో సుమారు 3,000 గెలాక్సీలు కనిపించాయి. ఇక చూడాల్సింది ఏమీ మిగల్లేదని అనిపించే ఫొటో అది.

తర్వాత హవాయి దీవిలో మౌనాకియా కొండ మీద ఉన్న జేమ్స్ క్లార్క్ మాక్స్‌వెల్ టెలిస్కోపును అదే ముక్క వైపు తిప్పారు. దాని పళ్లెం వెడల్పు 15 మీటర్లు. అప్పట్లో దానికి బిగించిన స్కూబా అనే కెమెరా 850 మైక్రోమీటర్ల తరంగాలను చూసేది. 1998లో ఫలితం వచ్చింది. ఆ కెమెరాలో అన్నిటికన్నా ప్రకాశంగా కనబడ్డ చుక్కకు హెచ్‌డీఎఫ్ 850.1 అని పేరు పెట్టారు. హబుల్ ఫొటోలో అదే చోట వెతికితే దానికి సరిపోయే గెలాక్సీ దొరకలేదు.

పంపినవారి చిరునామా లేని ఉత్తరం వచ్చినట్టయింది. అది ఎంత దూరంలో ఉందో తేల్చడానికి 2012 దాకా పట్టింది. దానిలోని అణువులు వదిలే ప్రత్యేకమైన తరంగాలను పట్టుకుని లెక్కగడితే, ఆ వెలుగు బయలుదేరి సుమారు 1,250 కోట్ల ఏళ్లయిందని తెలిసింది. మన ప్లాట్‌ఫారం మీద మొదటి చివర నుంచి 85 మీటర్లు. చేరింది 1998లో, చిరునామా తెలిసింది పధ్నాలుగేళ్లకు. బదిలీ అయిన ఇంటికి పాత చిరునామా మీద ఉత్తరాలు రావడం మీకు తెలుసు. ఇది దానికన్నా ఓపికైన ఉత్తరం.

మీలో ఒకరు తరగతిలో అడిగారు: “అంత దూరంలో ఉన్నది మరీ మసకగా కనబడాలి కదా, అంత ప్రకాశంగా ఎలా ఉంది?” మంచి ప్రశ్న. స్టేషన్‌లో ఒక చోట కదలకుండా కూర్చున్నారనుకోండి. ఎదురుగా ఒక రైలు నెమ్మదిగా జరుగుతోంది. ముందు బోగీల్లో దీపాలు తక్కువ, మధ్య బోగీల్లో ఎక్కువ. రైలు జరిగేకొద్దీ మీ ఎదుటికి వెలుతురు బోగీలు వస్తాయి. మన కెమెరా కూడా 850 మైక్రోమీటర్ల దగ్గర కదలకుండా కూర్చుంది. గెలాక్సీ ఎంత దూరమైతే దాని తరంగాలు అంత ఎక్కువ జరుగుతాయి. అందువల్ల దాని కాంతిలో ఎక్కువ ప్రకాశమైన భాగం కెమెరా ఎదుటికి వస్తుంది. దూరం వల్ల తగ్గినదాన్ని ఈ జరుగుడు భర్తీ చేస్తుంది. అందుకే ఈ గెలాక్సీలు ఎంతో దూరంలో ఉన్నా ఈ కెమెరాలకు దొరుకుతాయి.

ఇలాంటి కొలతలన్నీ కూడితే ఒక పెద్ద విషయం తేలింది. విశ్వ చరిత్రలో నక్షత్రాలు వెలువరించిన కాంతిలో దాదాపు సగాన్ని ధూళి మింగి, పరారుణంగా మార్చింది. కంటికి కనబడే వెలుగుతో మాత్రమే చరిత్ర రాస్తే సగం పేజీలు లేని పుస్తకం రాసినట్టే.

నీటి జాడ

మొదట చెప్పిన గెలాక్సీల జంట దగ్గరకు మళ్లీ వద్దాం. దాన్ని ముందుగా పట్టుకున్నది దక్షిణ ధ్రువంలో ఉన్న 10 మీటర్ల టెలిస్కోపు. పేరులోని ఎస్‌పీటీ అంటే అదే, సౌత్ పోల్ టెలిస్కోప్. ఆ తర్వాత చిలీ దేశంలోని అటకామా ఎడారిలో, 5,000 మీటర్ల ఎత్తున ఉన్న ఆల్మా దాన్ని వివరంగా చూసింది. ఆల్మాలో 66 పళ్లాలు ఉన్నాయి. వాటిని 16 కిలోమీటర్ల వరకు దూరంగా జరిపి, అన్నిటినీ కలిపి ఒకే టెలిస్కోపులా వాడవచ్చు. మనం కంసావతి దాటి మేదినీపూర్ చేరేదాని కన్నా అది కాస్త ఎక్కువ దూరం.

ధ్రువం, ఎడారి ఎందుకు? గాలిలోని నీటి ఆవిరి ఈ తరంగాలను మింగేస్తుంది. బంగాళాఖాతం మీంచి వచ్చే మన ఖరగ్‌పూర్ జిగట గాలిలో అలాంటి టెలిస్కోపు పెడితే పెద్దగా ఏమీ దొరకదు. నీరు లేని గాలి కావాలి. మరి ఆ నీరు లేని చోటు నుంచి వాళ్లు దేన్ని కనుక్కున్నారో చూడండి!

2021లో శ్రీవాణి జరుగుల అనే శాస్త్రవేత్త ఒక ఫలితం ప్రకటించారు. అప్పుడు ఆమె అమెరికాలోని ఇల్లినాయ్ విశ్వవిద్యాలయంలో పరిశోధన చేస్తున్నారు. ఆల్మాతో చూస్తే ఎస్‌పీటీ 0311-58లోని పెద్ద గెలాక్సీలో నీటి అణువులు, కార్బన్ మోనాక్సైడ్ అణువులు దొరికాయి. ఈ పేరు బోర్డు మీద రాయగానే ఎనిమిదో తరగతి మొత్తం ఒక్కసారి తలెత్తింది. “మేడమ్, మన పేరు!” అని వెనక బెంచీ నుంచి ఒక గొంతు వినిపించింది.

ఆ నీరు చెరువులోలా నిలిచిన నీరు కాదు, వాయువులో కలిసిన అణువులు. నక్షత్రాల వెలుగును ధూళి మింగి పరారుణంగా వదిలితే, ఆ పరారుణం నీటి అణువులను తాకి వాటిని ఉత్తేజపరుస్తుంది. అవి తిరిగి తమ ప్రత్యేకమైన తరంగాన్ని వదులుతాయి. అంటే నీటి సంకేతం బలంగా ఉన్న చోట నక్షత్రాలు జోరుగా పుడుతున్నాయని అర్థం. నక్షత్రం కనబడకపోయినా దాని పక్కనున్న నీరు సాక్ష్యం చెబుతుంది.

ఇంకా తేలని లెక్క

విశ్వం మొదట్లో ఉన్నవి హైడ్రోజన్, హీలియం, కొద్దిగా లిథియం. ధూళికి కావలసిన కార్బన్, సిలికాన్, ఆక్సిజన్ నక్షత్రాల లోపలే తయారవ్వాలి. మన సూర్యుడిలాంటి నక్షత్రం సుమారు 1,000 కోట్ల ఏళ్లు బతుకుతుంది. ప్లాట్‌ఫారం మీద 777 మీటర్లు. మరి 60 మీటర్ల దగ్గరకే అంత ధూళి ఎలా వచ్చింది?

చాలా బరువైన నక్షత్రాలు తొందరగా కాలిపోతాయి. వాటి ఆయుష్షు కోటి ఏళ్లలోపే ఉండవచ్చు, మన స్కేలు మీద ఒక మీటరు కూడా కాదు. అవి సూపర్‌నోవాలుగా పేలినప్పుడు ధూళి పుడుతుంది. 1987లో పేలుతూ కనిపించిన ఒక నక్షత్రాన్ని హెర్షెల్ పేరు పెట్టిన అంతరిక్ష టెలిస్కోపు చూసింది. దాని శిథిలాల్లో సూర్యుడి బరువులో సగం దాకా ధూళి ఉందని 2011లో లెక్క తేలింది. అయితే తొలి గెలాక్సీల ధూళికంతటికీ ఇదొక్కటే సరిపోతుందా అన్న చర్చ నడుస్తూనే ఉంది. మీలో ఎవరైనా పెద్దయ్యాక చేయడానికి పని మిగిలే ఉంది.

దానికి చాలా దూరం వెళ్లనక్కర్లేదు. మన పక్కనే హిజ్లీలో 1951లో మొదలైన ఐఐటీ ఉంది. అక్కడ సోమనాథ్ భరద్వాజ్ వంటి ఆచార్యులు హైడ్రోజన్ వదిలే 21 సెంటీమీటర్ల రేడియో తరంగం ద్వారా తొలి విశ్వాన్ని చదవడం మీద పనిచేస్తున్నారు. పుణె దగ్గర 45 మీటర్ల వెడల్పు పళ్లాలు 30 ఉన్న జీఎంఆర్‌టీ ఆ తరంగాలను వింటుంది. ఇక మన శ్రీహరికోట నుంచి 2015 సెప్టెంబరు 28న ఎగిరిన ఆస్ట్రోశాట్ అతినీలలోహిత కాంతిని చూస్తుంది. ధూళి మింగేసేది సరిగ్గా ఆ కాంతినే. ఏ ఒక్క కిటికీలోంచి చూసినా విశ్వం మొత్తం కనబడదు. అందుకే ఇన్ని కిటికీలు.

ఒక నోటుపుస్తకం

ఈ పాఠం చెబుతున్న రోజుల్లోనే మా తప్పు ఒకటి మాకు తెలిసింది. అదీ చెప్పాలి.

ఇక్కడికి రాకముందు మేము పనిచేసిన ఒక ఊళ్లో, ఏడాది మధ్యలో ఒక అబ్బాయి తెలుగు తరగతిలో చేరాడు. ఖరగ్‌పూర్ నుంచి బదిలీ మీద వచ్చిన కుటుంబం. చదవమంటే చదివేవాడు కాదు, రాయమంటే తల దించుకునేవాడు. రెండు నెలలు చూసి రిపోర్టులో “తెలుగు మీద శ్రద్ధ లేదు” అని రాశాం. మార్చిలో వాళ్ల నాన్నగారికి మళ్లీ బదిలీ అయింది. ఆ రిపోర్టు, టీసీ తీసుకుని వెళ్లిపోయాడు. దిద్దడానికి తీసుకున్న పుస్తకాల్లో అతని నోటుపుస్తకం ఒకటి మా దగ్గరే ఉండిపోయింది. నిండా బెంగాలీ అక్షరాలు. ఆ లిపి మాకు రాదు. బెంగాలీ హోంవర్కు అనుకున్నాం.

మాకు ఖరగ్‌పూర్ బదిలీ అయ్యాక, పెట్టెలు సర్దుతుంటే అది మళ్లీ చేతికొచ్చింది. తరగతికి తీసుకెళ్లి, బెంగాలీ చదవడం వచ్చిన ఒక అమ్మాయికి ఇచ్చాం. ఆమె మామూలుగా చదవడం మొదలుపెట్టింది. “తేగ. ముంజె. పనసతొన. జీడిపిక్క.” తరగతి నిశ్శబ్దమైంది. ఆమె పేజీ తిప్పింది. “వాన పడింది. చెరువు నిండింది. నువ్వు ఎప్పుడొస్తావు?” అవి ఫోనులో ఊరినుంచి అమ్మమ్మ చెప్పిన మాటలై ఉండాలి. అబ్బాయి తనకు వచ్చిన అక్షరాల్లో తెలుగు రాసుకున్నాడు. పుస్తకం నిండా తెలుగే.

బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే రోజుల్లో పని కోసం వచ్చి స్థిరపడ్డ తెలుగు కుటుంబాలు ఈ ఊళ్లో ఎన్నో ఉన్నాయి. ఇంట్లో తెలుగు వినిపిస్తుంది, బడిలో వేరే లిపి నేర్చుకుంటారు. ఇక్కడికి వచ్చాక ఇది మాకు తెలిసింది. అప్పుడు తెలిసి ఉంటే ఆ రిపోర్టులో వేరే మాట రాసేవాళ్లం. దాన్ని ఇప్పుడు మార్చలేం. ఆ అబ్బాయి ఈ పత్రిక చదివే ఏదో ఒక ఊళ్లో ఉంటే, అతనికి ఈ మాట చేరాలి: నీ పుస్తకం చదివాం. దానికి పదికి పది.

ఆ రోజు నుంచి మా తరగతిలో ఒక నియమం పెట్టుకున్నాం. ప్రయోగమైనా, పాఠమైనా, మనిషైనా, “ఏమీ కనబడలేదు” అని రాసే ముందు దేనితో చూశామో కూడా రాయాలి.

చేసి చూడండి

1. 10 మీటర్ల 72 సెంటీమీటర్ల తాడు తీసుకుని బడి మైదానంలో పరచండి. ఇది మన ప్లాట్‌ఫారంలో నూరో వంతు. మొదటి చివర నుంచి 60 సెంటీమీటర్ల దగ్గర ఎస్‌పీటీ 0311-58, 85 దగ్గర హెచ్‌డీఎఫ్ 850.1, 715 దగ్గర సూర్యుడు, 1,067 దగ్గర డైనోసార్ల ముగింపు అని చీటీలు కట్టండి.

2. టీవీ రిమోట్ ముందు బల్బును చూస్తూ మీట నొక్కండి. ఏమీ కనబడదు. ఇప్పుడు ఫోను ముందు కెమెరాలోంచి చూస్తూ నొక్కండి. ఏం కనిపించింది? అది ఏ రకం వెలుగు?

3. తలుపులు, కిటికీలు మూసిన గదిలోకి బయటి టార్చి వెలుగు రాదు, కానీ లోపల రేడియో పాడుతూనే ఉంటుంది. ఎందుకు?

4. మీ ఇంట్లో తెలుగును వేరే లిపిలో రాసుకునేవాళ్లు ఉన్నారా? వాళ్ల దగ్గర ఒక వాక్యం తెచ్చి, తెలుగు లిపిలో పక్కన రాయండి. గోడపత్రికలో రెండూ పెడదాం.

పదాల అర్థాలు

గెలాక్సీ: కోట్లాది నక్షత్రాలు, వాయువు, ధూళి గురుత్వాకర్షణతో కలిసి ఉన్న సమూహం. మనది పాలపుంత.
పరారుణ కాంతి: ఎరుపుకు అవతల ఉండే, కంటికి కనబడని కాంతి.
అతినీలలోహిత కాంతి: ఊదాకు అవతల ఉండే, కంటికి కనబడని కాంతి.
ఎరుపు జరుగుడు: విశ్వ వ్యాకోచం వల్ల కాంతి తరంగాలు సాగడం.
సూపర్‌నోవా: బరువైన నక్షత్రం చివరి దశలో పేలిపోవడం.